ముందు విప్పి చూద్దాం చాచా

ఆ టిప్పర్ మా గ్యారేజీకి ఇంకో బండి లాక్కొస్తే వచ్చింది. జూలై నెల, షార్జాలో సజ్జా ఏరియా. మెర్సిడెస్ ఆక్ట్రోస్ 3340, అంటే 33 టన్నుల బండి, 400 హార్స్ పవర్ ఇంజన్. నడిపేది పెషావర్ వైపు పఠాన్, అరవైకి దగ్గర పడిన మనిషి. కాగితాల మీద వేరే పేరున్నా బండి అప్పు కట్టేది ఆయనే. మేమంతా చాచా అంటాం. రస్ అల్ ఖైమా క్వారీల నుంచి కంకర తోలుతాడు.

"పాత ఇంజన్ తీసి వేరేది వేసెయ్ బేటా. మూడు రోజుల్లో బండి రోడ్డెక్కాలి" అన్నాడు దిగీ దిగగానే.

గల్ఫ్‌లో ఎవరైనా అనే మాట అదే. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో యూరప్ నుంచి కంటైనర్లలో వచ్చిన పాత ఇంజన్లు వరసగా పేర్చి ఉంటాయి. నేను పని నేర్చుకున్నది జగిత్యాలలో, లారీ షెడ్డులో. అక్కడ ఇంజన్ అరిగి బోరుకొచ్చిందంటే దించుతాం, లేత్‌కు పంపుతాం, మళ్లీ కట్టుకుంటాం. ఇంజన్ మార్చేద్దామన్న మాట నేనక్కడ వినలేదు. మనిషి కష్టం చవక, సామాను ఖరీదు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. బండి నిలబడిన ప్రతి రోజూ కిస్తీ గుర్తొస్తుంది, అందుకే మార్చడం మీదికే మనసు పోతుంది. చాచా తొందర నాకు అర్థమైంది. అయినా విప్పకుండా మాట ఇవ్వడం నాకు చేతకాదు.

"ముందు విప్పి చూద్దాం చాచా" అన్నాను.

బండిని రాత్రంతా కదపకుండా ఉంచాం. పొద్దున ఐదున్నరకు, ఎండ ముదరకముందే, ఆయిల్ చాంబర్ బోల్టును సగం వదులు చేశాను. ముందు నీళ్లే వచ్చాయి, గ్లాసున్నర దాకా. తర్వాత నల్లటి ఆయిల్. నీళ్లు బరువు కాబట్టి రాత్రికి రాత్రి అడుక్కు దిగుతాయి. బండిని కదిపి ఆయిల్ తీస్తే రెండూ కలిసి తెల్లటి మజ్జిగలా వస్తుంది, ఏమీ తెలియదు. నా పక్కన ఉన్న మెట్‌పల్లి పిల్లాడు "అన్నా, హెడ్ గాస్కెట్ పోయిందేమో" అన్నాడు. పోయి ఉండొచ్చు. కానీ ఈ ఇంజన్‌లో ఆరు సిలిండర్లకు ఆరు హెడ్లు, అంటే పైమూతలు. ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవచ్చు. ఐదో సిలిండర్ దగ్గర సంగతి బయటపడింది.

లైనర్‌ను, అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని, బయటికి లాగి, తుడిచి, లోపల టార్చ్ పెట్టి చూశాం. 130 మిల్లీమీటర్ల లైనర్, వేలెడు మందం కూడా లేని పోత ఇనుప గోడ. బయటి వైపు, నీళ్లు తగిలే చోట, చెదలు తిన్న దూలంలా గుంటలు. వాటిలో ఒకటి ఆరపార పోయింది. గుండుసూది మొనంత వెలుతురు నా వేలి మీద పడింది. పిల్లాడు దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు.

అలా ఎందుకవుతుందంటే, లోపల పేలుడు జరిగిన ప్రతిసారీ లైనర్ అదురుతుంది. ఆ అదురుకు బయటి నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి గోడకు ఆనుకునే పగులుతాయి. లక్షల సార్లు పగిలి, ఇనుమును గిల్లి గిల్లి తీసేస్తాయి. కూలెంట్ పోస్తే అందులోని మందు గోడ మీద పొరలా పట్టి కాపాడుతుంది. చాచా మాత్రం క్వారీ దగ్గర బోరు నీళ్లు పోసేవాడు. ఏళ్ల తరబడి. ఆయన తప్పని నేననను. ఎవరూ చెప్పలేదు, రేడియేటర్ నిండితే చాలనుకున్నాడు.

మిగతా ఐదు లైనర్లకూ గుంటలు మొదలయ్యాయి. అంటే ఆరూ పోయినట్టే. దీన్ని చూసి చాలామంది ఇంజన్ మార్చేయమంటారు. నేను అలా అనుకోను. లైనర్లు, పిస్టన్లు, రింగులు అరిగే సామానే, కొత్తవి దొరుకుతాయి. ఇంజన్ బతుకుతుందా లేదా తేల్చేవి రెండు: పిస్టన్ల ఊపుకు తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, బ్లాకులో లైనర్ కూర్చునే గట్టు. ఆ రెండూ బాగుంటే ఇంజన్ కట్టడం దండగ కాదు. గట్టు తినేసినా, క్రాంక్ గీతలు పడినా, ఎంత కొత్త కిట్టు వేసినా మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

క్రాంక్ కొలవడానికి తొందరపడలేదు. జూలైలో షెడ్డు కింద ఇనుము ముట్టుకుంటే కాలుతుంది. వంద మిల్లీమీటర్ల ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.02 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అరుగుదల చూడబోయి వేడిని కొలిచినట్టవుతుంది. క్రాంక్‌నూ మైక్రోమీటర్‌నూ రాత్రంతా ఏసీ ఉన్న సామాన్ల గదిలో పెట్టి, తెల్లారాక కొలిచాను. బేరింగు పట్టే చోటును జర్నల్ అంటాం, ఒక్కోదానికి రెండు వైపులా, రెండు చోట్ల. అన్నీ స్టాండర్డ్ కొలతలోనే ఉన్నాయి. ఆయిల్‌లో నీళ్లు కలిసినా బేరింగులు పూర్తిగా పోకముందే చాచా బండి ఆపేశాడు. అక్కడే నాకు ఆశ పుట్టింది.

గట్టు మీద డయల్ గేజ్ పెట్టి తిప్పితే ఐదు బాగున్నాయి, ఐదో సిలిండర్‌దొక్కటే ఒక పక్క దిగింది. లేత్ షాపులో సమంగా కోయించి, షిమ్, అంటే పలుచటి రేకు, వేస్తే సరిపోతుంది.

చాచాకు అయినా నమ్మకం కుదరలేదు. ఆ సాయంత్రం పాత ఇంజన్ చూడటానికి నన్నూ తీసుకెళ్లాడు. బయట మెరుస్తోంది, కొత్తగా పెయింట్ వేశారు. వారంటీ అడిగితే చెకింగ్ వారంటీ మాత్రమే, అంటే బిగించి నడిపి చూసుకునే వరకే అన్నారు. చాంబర్ విప్పి ఒక్క బేరింగు చూపించండి అని అడిగాను. కాసేపు వద్దన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. కనెక్టింగ్ రాడ్ క్యాప్ తీస్తే బేరింగు మీద పైపొర పోయి ఎర్రగా రాగి కనబడుతోంది. చాచా దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. అది కొంటే మన కంట్రోల్ యూనిట్ దానికి మార్చాలి, ముల్కియాలో, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డులో, ఇంజన్ నంబరు మార్పించాలి. ఇంత చేసి, ఎంత అరిగిందో తెలియని ఇంజన్ తెచ్చుకోవడం.

తిరిగొస్తూ బండిలో అడిగాడు: "నీ సొంత బండైతే ఏం చేస్తావు బేటా?"

"కడతాను చాచా. కానీ మూడు రోజుల్లో కాదు, పన్నెండు రోజులు పడుతుంది."

ఆ మాట చెప్పడానికి భయమేసింది. పన్నెండు రోజుల ట్రిప్పులు పోతాయి. ఆయన డబ్బు నా మాట మీద ఆగి ఉంది. ఇంటికి పంపే డబ్బు ఒక నెల ఆగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆయన కిటికీ బయటికి చూస్తూ చాలాసేపు కూర్చుని, "కట్టు" అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని చేయకూడదన్న వేసవి రూలు ఉంది కాబట్టి, తెల్లవారుజామునా రాత్రీ పని చేశాం. ఆరు లైనర్లు, పిస్టన్లు, బేరింగులు కొత్తవి వేశాం. రేడియేటర్‌నూ వాటర్ పంపునూ కడిగాం. ఎయిర్ ఫిల్టర్ గొట్టం క్లిప్పు వదులుగా ఉండి క్వారీ దుమ్ము లోపలికి పోతోంది, అదీ మార్చాం. పదమూడో రోజు సాయంత్రం స్టార్ట్ చేశాం, ఒకరోజు ఎక్కువే పట్టింది. ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి పెట్టాను. గాలి తోసుకురాలేదు, అంటే రింగులు బాగా పట్టాయి.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక వాల్వులు చూపించుకోవడానికి చాచా వచ్చాడు. క్యాబిన్‌లో సీటు వెనక రెండు కూలెంట్ డబ్బాలు ఉన్నాయి. పక్కన ఉండే నీళ్ల క్యాన్ లేదు.