వీధి దీపం కింద చేమంతి

హన్మకొండలోని మా ఇంటి ముందు వీధి దీపం మార్చిన సంవత్సరం చేమంతులు పూయలేదు. పాత దీపం సగం రాత్రులు వెలిగేదే కాదు. కొత్తగా బిగించిన ఎల్‌ఈడీ దీపపు తెల్లని వెలుగు మాత్రం ప్రహరీ దాటి, నేను వరుసగా పెట్టుకున్న ఆరు కుండీల మీద తెల్లవార్లూ పడేది. జూన్‌లో పిలకలు నాటి, శ్రావణ మాసం దాకా చిగుళ్లు తుంచుతూ గుబురుగా పెంచాను. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు కూడా పోశాను. మొక్కలు ఏపుగానే ఉన్నాయి కానీ, కార్తీక పౌర్ణమి వెళ్లినా ఒక్క మొగ్గ కనిపించలేదు. అవే పిలకల నుంచి వచ్చి, పెరట్లో బావి గట్టున ఉన్న రెండు కుండీలు మాత్రం అప్పటికే పసుపు ముద్దలై ఉన్నాయి.

చేమంతి రాత్రి పొడవును చూసి మొగ్గ తొడుగుతుంది. మన ప్రాంతంలో జూన్ చివర 13 గంటలకు పైగా ఉండే పగలు డిసెంబరు చివరికి సుమారు 11 గంటలకు తగ్గుతుంది. ఆకులలోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఈ తేడాను పసిగడుతుంది. చీకటి మధ్యలో వెలుగు పడితే, ఎంత పొడవైన రాత్రి అయినా మొక్క లెక్కలో అది చిన్న రాత్రే. పాలీహౌస్‌లలో చేమంతి పెంచే రైతులు పూతను ఆలస్యం చేయదలిస్తే రాత్రిపూట దీపాలు వెలిగిస్తారు, త్వరగా కావాలంటే సాయంత్రమే నల్లని గుడ్డలు కప్పుతారు. వాళ్లు కావాలని చేసే పనిని నేను తెలియక చేశానన్నమాట.

బంతికి ఇంత పట్టింపు లేదు. అదే దీపం కింద కాస్త ఆలస్యంగానైనా పూసింది. ఇక గునుగు సంగతి చెప్పనక్కరలేదు. ఎవరూ విత్తకపోయినా బతుకమ్మ నాటికి గోడ వారన మొలిచి, తెల్లని కంకుల కొసలకు లేత గులాబీ రంగు పూసుకుని నిలబడుతుంది. మిగతా రోజుల్లో దాన్ని కలుపు మొక్క అని పీకేసే మేమే ఆ తొమ్మిది రోజులూ అపురూపంగా కోసుకుంటాము.

పారిజాతం మా పెరటికి శరత్తు వచ్చిందని చెప్పే చెట్టు. సాయంత్రం విచ్చుకుని తెల్లవారేసరికి నేలంతా పరుచుకునే ఆ పూల నారింజ రంగు కాడలతో ఒకప్పుడు బట్టలకు అద్దకం వేసేవారు. ఆకుల రంగు చూడాలంటే మాత్రం మాకు పుష్యమాసం దాటాలి. అప్పుడు నాటు బాదం ఆకుల్లో పత్రహరితం తరిగి, ఎరుపు వర్ణకాలు పేరుకుని, విస్తరంత ఆకులు ఒక్కొక్కటే రాలుతాయి. ఊడ్చేది నేనే కనుక ఆ అందం గురించి ఎక్కువ చెప్పను.

పూలు అయిపోయాక చేమంతి కాడలను నేల దగ్గరికి కోసి, మొదలు దగ్గర వచ్చే పిలకలను ఎండాకాలమంతా నీడలో కాపాడుకోవాలి. మళ్లీ జూన్‌లో వాటినే విడదీసి నాటుతాను. ఈసారి అన్ని కుండీలూ బావి గట్టునే ఉంటాయి.