నాన్న యూరిన్ బ్యాగు

మా నాన్నకి ప్రోస్టేట్ (మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాచి ఒకరోజు రాత్రి యూరిన్ అసలు ఆగిపోయింది, పొత్తికడుపు రాయిలా బిగిసిపోయి మంచం మీద దొర్లుతుంటే ఆటోలో తీసుకెళ్ళాం, యూరిన్ దారి గుండా లోపలికి పైపు వేశాక "ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది రా" అన్నారు. మూడో రోజు పైపుతోనే ఇంటికి పంపేశారు. ఎలా చూసుకోవాలో అడిగితే బ్యాగు నిండినప్పుడు ఖాళీ చేయండి అన్నారు, అంతే.

వారం తర్వాత చూపించడానికి వెళ్తూ ఆటోలో ఆ బ్యాగుని నేనే నాన్న ఒళ్ళో పెట్టి పైన టవల్ కప్పాను, నలుగురూ చూస్తారని ఆయన సిగ్గుతో కుంచించుకుపోతున్నారు మరి. రెండో రోజు రాత్రి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు, జ్వరం 103, మళ్ళీ అడ్మిట్ చేశాం. పైపు ఉన్నవాళ్ళకి ఎలాగైనా ఇన్ఫెక్షన్ రావచ్చు, అయినా అక్కడ ఒక పెద్ద సిస్టర్ అడిగిన మొదటి మాట "బ్యాగు ఎక్కడ పెట్టారయ్యా?" అని. నేను చెప్పగానే ఆవిడ తల పట్టుకుంది. బ్యాగులోకి దిగిన యూరిన్ మళ్ళీ వెనక్కి పోకూడదు, కూర్చున్నా పడుకున్నా నడిచినా బ్యాగు పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, అలాగని నేలకి ఆనకూడదు. ఇంటికొచ్చాక మంచం పట్టెకి హుక్కు కట్టి వేలాడదీశాను.

ఇంకోటి, ఆ పైపు ఊడి రాకుండా లోపల చిన్న బెలూన్ ఉంటుంది, మామూలుగా అందులో 10 ఎంఎల్ దాకా స్టెరైల్ నీళ్ళు నింపుతారు. అది ఉబ్బి ఉండగా లాగితే లోపల చీరుకుపోతుంది. ఒకసారి నాన్న నిద్రమత్తులో దిగబోయి పైపు గుంజుకుపోయి నెత్తురు కనబడింది, నా కాళ్ళు వణికాయి. అప్పట్నుంచి పైపుని కొంచెం వదులుగా ఉంచి తొడకి ప్లాస్టర్ వేసేవాళ్ళం.

బ్యాగు ముట్టుకునే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మూడొంతుల్లో రెండొంతులు నిండేలోపే ఖాళీ చేసేవాణ్ణి, దానికని విడిగా ఒక మగ్గు పెట్టాం, కింది ట్యాపు మూతి మగ్గుకి తగలనిచ్చేవాణ్ణి కాదు. పైపుకీ బ్యాగుకీ మధ్య జాయింటు మాత్రం ఊరికే ఊడదీయకండి, క్రిములు లోపలికి పోయే దారి అదే. పైపు చుట్టూ రోజూ మామూలు సబ్బు నీళ్ళతో ఒంటి దగ్గర్నుంచి కిందికి తుడవాలి, డెట్టాల్ వద్దు, పౌడర్ వద్దు. మగవాళ్ళకి ముందు చర్మం వెనక్కి తీసి కడిగితే మళ్ళీ ముందుకి తెచ్చేయాలి, లేకపోతే అక్కడే బిగుసుకుని వాచిపోతుంది, ఇది సిగ్గుపడి ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా.

బ్యాగులోకి కొన్ని గంటలు ఏమీ దిగకపోతే ముందు పైపు ఎక్కడైనా మడత పడిందేమో, ఒంటి కింద నలిగిందేమో చూడండి. అది సరిగ్గానే ఉండి పొట్ట బిగుస్తుంటే పొద్దున చూద్దాంలే అనుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. చలిజ్వరం వచ్చినా, నెత్తురు గడ్డలు పడినా, పెద్దవాళ్ళు ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడినా అంతే.

నెలన్నర తర్వాత పైపు తీయించడానికి వెళ్ళేటప్పుడు నేను అలవాటుగా టవల్ తీస్తుంటే, నాన్న బ్యాగుని తన పిక్క పక్కన కిందకి పట్టుకుని "వద్దులే రా, చూస్తే చూడనీ" అన్నారు.