గుండె సీటీ స్కాన్ రెండుసార్లు తీయించుకున్న కథ

నిన్నే రిపోర్టు చేతికొచ్చింది, నాళాల్లో అడ్డంకులేమీ లేవట. సంతోషమే, కానీ మొదట తీసిన సెంటర్ మీద కోపం ఇంకా చల్లారలేదు.

ట్రెడ్‌మిల్ టెస్టు అటూ ఇటూ తేలకపోవడంతో డాక్టరుగారు సీటీ కరోనరీ యాంజియో రాశారు, అంటే గుండెకి రక్తం అందించే నాళాలని సీటీ స్కాన్‌తో చూడటం. కిడ్నీల కోసం క్రియాటినిన్ రక్తపరీక్ష, సంతకాలు, మందు ఎక్కించడానికి చేతికి క్యాన్యులా గొట్టం, అన్నీ సాఫీగా అయిపోయాయి. బల్ల మీద పడుకునేసరికి మానిటర్‌లో గుండె వేగం 88. "టెన్షన్ పడకండి అంకుల్" అన్నాడు టెక్నీషియన్. అలా అంటే తగ్గిపోయే టెన్షనైతే నేను అక్కడిదాకా ఎందుకెళ్తాను? నాళాలు బొమ్మలో కనబడేందుకిచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కగానే ఒళ్ళంతా వేడెక్కింది, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాను. తీరా బయటికొచ్చాక వెయిటింగ్ హాల్లో అందరి ముందూ "మీరు ఊపిరి వదిలేశారు, బొమ్మలన్నీ పాడయ్యాయి" అని కసిరాడు. మా అబ్బాయి కూడా నావంకే చూశాడు! రిపోర్టులోనేమో కుడి కరోనరీ నాళం సరిగా కనబడలేదు, క్యాథెటర్ యాంజియోగ్రామ్ చేయించుకోండి అని రాసిచ్చారు.

ఊరికే తొడ దగ్గరో మణికట్టు దగ్గరో గొట్టం పెట్టించుకోవడం ఇష్టంలేక సీడీ పట్టుకుని వేరే ఆసుపత్రికెళ్ళాను. అక్కడి రేడియాలజిస్టు మేడమ్ చూసీ చూడగానే, "ఊపిరి కదిలితే ఛాతీ ఎముకలూ చెదరాలి కదండీ, అవి శుభ్రంగా ఉన్నాయి, నాళమే రెండుగా కనబడుతోంది, గుండె వేగం తగ్గించకుండా తీసేశారు" అంది. మిగతా నాళాలకన్నా కుడిదే ఎక్కువ కదులుతుందట. ఆ మాట మా అబ్బాయి చేత రెండోసారి చెప్పించుకు విన్నాను.

ఈసారి ఆస్తమా లేదని అడిగి తెలుసుకుని (ఉంటే ఈ మాత్ర పడకపోవచ్చట), ముందుగా గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ మాత్ర వేసి, వేగం 60 లోపుకి దిగేదాకా కూర్చోబెట్టారు. ఊపిరి బిగబట్టడం సాధన చేయించారు. నాళాలు విప్పారడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే కొట్టారు, కాసేపు తల పగిలిపోయింది. దానికి ముందు వయాగ్రా వాడుతున్నారా అని కోడలి ఎదుటే అడిగారు, వాడితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందట, అడగాల్సిందే, కానీ కాస్త మెల్లగా అడగొచ్చు.

మీరెవరైనా వెళ్తే టీ కాఫీలు ముందురోజే మానేయండి. మెషీన్ ఒక్క తిప్పుకి ఎన్ని స్లైసులు, అంటే ఎన్ని పొరల బొమ్మలు తీస్తుందని గొప్పలు చెబితే పడిపోకండి, గుండె వేగం ఎంతకి తగ్గించి తీస్తారో డబ్బు కట్టేముందే అడగండి.

మొదటి సెంటర్‌కి ఫోన్ చేసి డబ్బు వెనక్కిమ్మన్నాను. వచ్చేసారి డిస్కౌంట్ ఇస్తారట.