14 వారాల లాగ్: 5×5తో మొదలెట్టి 3×5 దగ్గర ఆగా

బరువు తగ్గాలని జిమ్‌లో బరువులెత్తిన లెక్క ఇది. నోట్‌బుక్ ముందు పెట్టుకుని రాస్తున్నా కాబట్టి నంబర్లు కరెక్టే, మిగతాది గుర్తున్నంత వరకు. మొదటి రోజు నా బరువు 92.4 కేజీలు, బొడ్డు దగ్గర నడుము 104 సెంటీమీటర్లు. ఈ వారం యావరేజ్ 85.1, నడుము 96.

మొదటి రెండు వారాలు వేస్టే. జిమ్‌లో అందరూ చేసేదే నేనూ చేశా, సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, అలా ఆరు రోజులు. ఆ పద్ధతిలో ఒక రోజు పోతే ఇక ఆ వారం ఆ పార్ట్‌కి పనే ఉండదు, నాకు పోయేది ఎప్పుడూ కాళ్ల రోజే (కావాలనే అనుకోండి). పైగా తిండి తగ్గించి ఆరు రోజులు లాగడం నా వల్ల కాలేదు.

మూడో వారం నుంచి 5×5, అంటే ఐదు సెట్లు, ఒక్కో సెట్‌లో ఆపకుండా ఐదు రెప్‌లు (ఐదుసార్లు ఎత్తి దించడం). వారానికి మూడు రోజులు, ప్రతిసారీ స్క్వాట్ (భుజాల మీద బార్‌తో కూర్చుని లేవడం) ఉంటుంది, ఒక రోజు బెంచ్ (పడుకుని ఛాతీ మీంచి పైకి నెట్టడం), రో (వంగి బార్‌ని పొట్ట వైపు లాగడం), తర్వాతి రోజు ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి తల పైకి ఎత్తడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి లేపడం). స్క్వాట్ ఖాళీ బార్‌తో మొదలు, అంటే 20 కేజీలు, ప్రతి సెషన్‌కీ 2.5 పెంచడం. మొదట్లో ఎంత ఈజీగా ఉందంటే సిగ్గేసింది, పక్కన వాళ్లు బార్‌కి ప్లేట్ల (గుండ్రటి బరువుల) మీద ప్లేట్లు ఎక్కిస్తుంటే నేను ఉత్త బార్‌తో కూర్చుని లేస్తున్నా. కానీ ఫామ్ (ఎత్తే తీరు) కుదిరింది ఆ తేలిక బరువుల వారాల్లోనే, అది మాత్రం దాటేయకండి.

డెడ్‌లిఫ్ట్‌లో మాత్రం తప్పు చేశా. తక్కువ బరువు కదా అని బార్‌కి అటూ ఇటూ 5 కేజీల చిన్న ప్లేట్లు వేసి నేల మీంచి లేపా. పెద్ద ప్లేట్ అయితే 45 సెంటీమీటర్ల వెడల్పు, బార్ నేలకి 22.5 ఎత్తులో ఉంటుంది, చిన్న ప్లేట్లతో అది దాదాపు చీలమండ దగ్గరికొచ్చేస్తుంది, వంగి వంగి వీపు గుండ్రంగా అయిపోయి రెండు రోజులు చెప్పులు వేసుకోవడానికి కూడా కష్టమైంది. తర్వాత రెండు వైపులా నేల మీద ప్లేట్లు పడుకోబెట్టి వాటి మీద బార్ పెట్టి ఎత్తు సరిచేసుకున్నా. కొంచెం దొర్లుతుంది, ప్రతి రెప్‌కీ సరిచూసుకోవాలి, అయినా నడుం పట్టేయడం కన్నా నయం.

తిండి సంగతి చిన్నగా చెప్పేస్తా. రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువ, ప్రోటీన్ 140 గ్రాములకి తగ్గకుండా (కేజీకి 1.6 గ్రాముల లెక్కన దగ్గర దగ్గరగా అంతే వస్తుంది). రోజూ పొద్దున బరువు చూస్తా కానీ వారం యావరేజ్ మాత్రమే లెక్కలోకి తీసుకుంటా. మూడో, నాలుగో వారాల్లో బరువు మెషిన్ అస్సలు కదల్లేదు, నడుము మాత్రం 2 సెంటీమీటర్లు తగ్గింది. కొత్తగా బరువులు ఎత్తినప్పుడు కండరాలు నీళ్లు పట్టి ఉంచుతాయి, ఆ టైమ్‌లో టేప్ లేకపోతే నేను మానేసేవాణ్ణే.

ఎనిమిదో వారం అసలు కథ. స్క్వాట్ 60 కేజీలు, నాలుగో సెట్, నాలుగో రెప్. కిందకి దిగా, ఇక లేవలేకపోయా, బార్‌ని సేఫ్టీ పిన్ల (బార్ పడితే ఆపే అడ్డ కడ్డీల) మీద వదిలేసి కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చా. పిన్లు ముందే సరైన ఎత్తులో పెట్టుకోబట్టి సరిపోయింది. వరసగా మూడుసార్లు అదే 60 దగ్గర ఫెయిల్. ఇంకో రొటీన్‌కి మారిపోదామని రాత్రంతా వీడియోలు చూశా, తీరా నోట్‌బుక్ తిరగేస్తే ప్రతిసారీ మొదటి మూడు సెట్లు శుభ్రంగా అయ్యాయి, పోతున్నవి చివరి రెండే. రొటీన్ బాగానే ఉంది, తక్కువ తింటూ అన్ని సెట్ల నుంచి కోలుకోలేకపోతున్నా అంతే. దాదాపు 10 శాతం తగ్గించి 55కి దిగి, 3×5 (ఐదు రెప్‌ల సెట్లు మూడే) చేశా. సెట్ల మధ్య మూడు నిమిషాలు రెస్ట్ తీసుకున్నా కూడా గంటంపావు పట్టే సెషన్ 50 నిమిషాలకి వచ్చింది, ఆ మిగిలిన టైమ్‌లో నిద్రపోతున్నా, దానివల్ల కూడా తేడా ఉందనే నా అనుమానం.

11వ వారం నుంచి బుధవారం స్క్వాట్ తేలిక చేశా, అసలు బరువులో 80 శాతం. 70 దగ్గర ఒకసారి ఆగింది, మొన్న 75 మూడు సెట్లూ అయ్యాయి. అంటే ఇప్పుడు నా తేలిక రోజు బరువు అదే 60.

ఇంకా మొండికేస్తోంది ఓవర్‌హెడ్ ప్రెస్సే. 32.5 దగ్గర కూర్చుంది. స్క్వాట్ 60 ఉన్నప్పుడు 2.5 పెంచితే నాలుగు శాతం, ఇక్కడ అదే 2.5 ఎనిమిది శాతం దాకా అవుతుంది, భుజాలకి అంత ఒకేసారి ఎక్కడ. అరకేజీ ప్లేట్లు జత తెచ్చుకున్నా, సోమవారం 31 నుంచి ఒక్కో కేజీ చొప్పున ఎక్కిస్తా.