ఆడపిల్లల హాకీకి మిగిలే టైమ్

ఈ ఏడాది షెడ్యూల్ కూడా వచ్చేసింది, మళ్ళీ అదే కథ. మా అమ్మాయి వాళ్ళ ఐస్ హాకీ టీమ్‌కి ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి ఒక ప్రాక్టీసు, వారం మధ్యలో రాత్రి తొమ్మిదింటికి ఇంకోటి. పన్నెండేళ్ళ పిల్లకి రాత్రి తొమ్మిదింటికి ప్రాక్టీసేంటండీ, ఆట అయ్యి ఆ ప్యాడ్లన్నీ విప్పి ఇంటికొచ్చి స్నానం చేసి ఏదో ఇంత తిని పడుకునేసరికి పదకొండున్నర, తెల్లారితే స్కూలు. అదే ఏరీనాలో సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, అంటే పిల్లలు ఆడుకోవాల్సిన అసలు టైమ్ అంతా, మగపిల్లల టీములే.

మేం ఉండేది టొరంటో పక్కన ఊళ్ళో. ఇక్కడ ఐస్ హాకీ అంటే ఎంత పిచ్చో చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మన దగ్గర క్రికెట్‌కి గ్రౌండ్ దొరక్కపోతే సందులో మూడు కర్రలు పాతేసి ఆడేస్తాం, ఈ ఆటకి అలా కుదరదు. రెండొందల అడుగుల పొడవు, ఎనభై ఐదడుగుల వెడల్పు ఐస్ కావాలి, దాన్ని గడ్డకట్టించే యంత్రాలు కావాలి, మధ్యమధ్యలో జాంబోని వచ్చి నున్నగా చెయ్యాలి. అదంతా సిటీ వాళ్ళ చేతిలో ఉంటుంది, గంటల లెక్కన అద్దెకిస్తారు. అందుకే హాకీలో ఏ గొడవ తీసుకున్నా తవ్వుకుంటూ పోతే చివరికి ఐస్ టైమ్ దగ్గరే తేలుతుంది.

ఆడపిల్లలకి ఇవ్వం అని ఇప్పుడు ఎవ్వరూ అనరు, చాలా మర్యాదగా మాట్లాడతారు. "పోయినేడాది ఏ గంట ఎవరికుందో ఈ ఏడాది కూడా ముందు వాళ్ళకే" అంటారు, అంతే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పోయినేడాది లిస్టు అంతకుముందు ఏడాది లిస్టు, అది దానికి ముందుది, అలా వెనక్కి పోతే ఎప్పుడో ఆ ఏరీనా కట్టిన రోజుల్లో ఊళ్ళో ఉన్నది మగపిల్లల క్లబ్బొక్కటే. మంచి గంటలన్నీ వాళ్ళ పేరు మీద అప్పుడే పడిపోయాయి. ఆడపిల్లల క్లబ్బు తర్వాతెప్పుడో పుట్టింది కాబట్టి తెల్లవారుజామూ అర్ధరాత్రీ మిగిలాయి. ఇందులో ఎవరినీ తిట్టడానికి లేదు, అదే నాకు ఎక్కువ మండుతుంది.

ఇంతకీ ఆ రోజుల్లో ఆడపిల్లలు ఆడాలనుకోలేదా అంటే అదీ కాదు. టొరంటోలో 1955లో ఆబీ హాఫ్‌మన్ అనే పిల్ల మగపిల్లల లీగ్‌లో చేరింది, జుట్టు పొట్టిగా ఉండేది, పేరు "ఆబ్" అని రాయించుకుంది, ఎవరికీ అనుమానం రాలేదు. డిఫెన్స్ ఆడేది. బాగా ఆడింది కాబట్టే దొరికిపోయింది, ఎలాగంటే ఆల్‌స్టార్ జట్టుకి సెలెక్ట్ చేశారు, దానికి బర్త్ సర్టిఫికెట్లు చూశారు, చూస్తే ఆడపిల్ల! అప్పటికి తొమ్మిదేళ్ళు. పేపర్ల నిండా ఫోటోలు, పెద్ద గోల. ఆ తర్వాత ఆమె హాకీ సాగలేదు, పరుగులోకి వెళ్ళి 1964 నుంచి 1976 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తింది. హాకీ ఎవర్ని పోగొట్టుకుందో మీరే చెప్పండి.

ముప్పై ఏళ్ళు గడిచినా పెద్దగా మారలేదు. 1985లో జస్టీన్ బ్లేనీ అనే పన్నెండేళ్ళ అమ్మాయి ట్రయౌట్స్‌కి, అంటే సెలెక్షన్లకి, వెళ్ళి మగపిల్లల టీమ్‌లో చోటు తెచ్చుకుంది, ఆడటానికి మాత్రం వీల్లేదన్నారు, అసోసియేషన్ రూల్ ఒప్పుకోదు. మానవ హక్కుల చట్టం ఉంది కదా అని వెళ్తే, మా ఒంటారియో రాష్ట్రం చట్టంలోనే రాసి ఉంది, ఆటల్లో ఆడా మగా తేడా చూపించినా తప్పులేదని! అంటే వివక్షకి చట్టమే పర్మిషన్ ఇచ్చింది. అక్కణ్ణుంచి కోర్టులు. మొదట ఓడిపోయింది, 1986లో అప్పీల్ కోర్టు ఆ సెక్షన్ చెల్లదని కొట్టేసింది, సుప్రీంకోర్టు అవతలి వాళ్ళ అప్పీల్ వినను పొమ్మంది, అయినా సరిపోలేదు, మళ్ళీ హక్కుల బోర్డు ముందు నిలబడాల్సి వచ్చింది, 1987 చివర్లో తీర్పు వస్తే 1988లో గానీ ఐస్ మీద కాలు పెట్టలేదు. మా ఇంట్లో అదే వయసు పిల్ల ఉంది కాబట్టి నాకు కేసు కన్నా ఆ మధ్యలో పోయిన ఏళ్ళే కనిపిస్తాయి. పన్నెండు నుంచి పదిహేను, ఆట నేర్చుకునే వయసంతా వకీళ్ళ ఆఫీసుల్లో అయిపోయింది.

ఈ కేసులో ఇంకో సంగతుంది, దాన్ని చాలామంది పక్కన పెట్టేస్తారు. జస్టీన్‌కి అడ్డం నిలబడ్డ వాళ్ళలో ఒంటారియో మహిళా హాకీ అసోసియేషన్ కూడా ఉంది. ఆడవాళ్ళ సంఘమే! మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ భయం ఏంటంటే, బాగా ఆడే అమ్మాయిలందరూ మగపిల్లల టీముల్లోకి పోతే మన లీగుల్లో ఎవరు మిగులుతారు, మన మ్యాచులు ఎవరు చూస్తారు, మనకి ఐస్ ఎవరిస్తారు అని. అంత తీసిపారేసే మాట కాదు. కానీ సగం గంట, మిగిలిపోయిన గంట మాత్రమే చేతిలో ఉన్నవాళ్ళకి ఆ భయం పుడుతుంది, సాయంత్రం ఆరింటి ఐస్ ఉన్నవాళ్ళకి ఎందుకు పుడుతుంది?

తర్వాత 1990లో ఒట్టావాలో ఆడవాళ్ళ మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. మంచిదే. కానీ కెనడా జట్టుకి ఏ జెర్సీ ఇచ్చారో తెలుసా, పింకు! ఎరుపూ తెలుపూ వాళ్ళ దేశం రంగులు, ఆడవాళ్ళనేసరికి పింకు అయిపోయింది. ఆ పింకు వల్లే జనం వచ్చారని వాదించే వాళ్ళూ ఉన్నారు, ఫైనల్‌కి తొమ్మిది వేల మంది దాకా వచ్చారు, వచ్చినవాళ్ళు చూసింది మాత్రం ఆటే కదా, అమెరికాని 5-2తో కొట్టారు. ఆ టోర్నమెంట్‌లో బాడీ చెకింగ్, అంటే ఒంటితో గుద్ది ఆపడం, ఉండేది, తర్వాత ఆడవాళ్ళకి తీసేశారు. తీసేసింది హాకీ పెద్దలే, ఆ తర్వాత ఆడవాళ్ళ ఆట మెత్తగా ఉంటుందని నవ్వేదీ వాళ్ళే. మగవాళ్ళ హాకీ 1920లోనే ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఆడవాళ్ళది 1998 నాగానోలో. డెబ్బై ఎనిమిదేళ్ళు.

పెద్దయ్యాకైనా టైమ్ మారుతుందా అంటే అదీ లేదు. కెనడాలో సీడబ్ల్యూహెచ్‌ఎల్ అని 2007లో మొదలైన మహిళల లీగ్ ఉండేది, అందులో ఒలింపిక్ మెడల్ ఉన్నవాళ్ళు ఆడేవాళ్ళు, మొదటి పదేళ్ళు జీతం అనేదే లేదు. పగలు ఉద్యోగం, రాత్రి ప్రాక్టీసు. అంటే మా పిల్ల ఇప్పుడు ఆడుతున్న టైమ్‌కే దేశం తరఫున ఆడేవాళ్ళూ ఆడారన్నమాట. కాస్త జీతాలు మొదలయ్యాయి అనుకునేలోపు 2019 మార్చి 31న లీగ్ మూసేస్తున్నాం అని ప్రకటించేశారు.

అమెరికా అమ్మాయిలది మాత్రం వేరే దారి, నాకు బాగా నచ్చిన కథ అది. 2017లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ వాళ్ళ దేశంలోనే మిషిగన్‌లో జరగబోతోంది, ఇంకో రెండు వారాలే ఉంది, జట్టు మొత్తం మేం ఆడం అని కూర్చుంది. ఒలింపిక్స్ ముందు ఆరు నెలలు నెలకి వెయ్యి డాలర్లు ఇచ్చేవాళ్ళట, మిగతా రోజులు దాదాపు ఏమీ లేదు. మగపిల్లల ట్రైనింగ్ ప్రోగ్రామ్‌కి ఏడాదికి ముప్పై ఐదు లక్షల డాలర్లు పెడుతూ ఆడపిల్లలకి అలాంటిదే పెట్టలేదని కూడా అడిగారు. ఫెడరేషన్ వాళ్ళు ఏం చేశారంటే బదులుగా వేరే అమ్మాయిల కోసం ఫోన్లు మొదలెట్టారు, కాలేజీ వాళ్ళకీ, స్కూలు వాళ్ళకీ కూడా. దేశం జెర్సీ వేసుకునే ఛాన్స్, జీతంతో పనేముంది, ఎవరైనా ఎగిరి గంతేస్తారనుకుని ఉంటారు. ఒకరి తర్వాత ఒకరు మేం రాం అన్నారు! సీనియర్లు ముందే అందరికీ ఫోన్ చేసి మాట్లాడి పెట్టుకున్నారు మరి. మొదటి మ్యాచ్‌కి మూడు రోజుల ముందు ఒప్పందం కుదిరింది, ఐస్ మీదకి వెళ్ళి ఫైనల్‌లో కెనడాని ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడించి కప్పు తీసుకున్నారు. మన కబడ్డీ, క్రికెట్ అమ్మాయిలు ఇలా కూర్చుంటే ఎలా ఉంటుందో అని అప్పుడప్పుడు ఊహించుకుంటా.

ఇప్పుడున్న మహిళల లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ 2024 జనవరి 1న మొదలైంది. మొదటి సీజన్‌లో టొరంటో జట్టు ఆడిన స్టేడియం చిన్నది, టికెట్లు దొరకనే లేదు, తర్వాతి సీజన్‌కి పెద్ద చోటికి మారాక మేమూ వెళ్ళాం. మా పిల్ల గొంతు పోయేలా అరిచింది. అదే మొదటి సీజన్‌లో మాంట్రియల్‌లో ఒక్క మ్యాచ్‌కి 21,105 మంది వచ్చారు, ఆడవాళ్ళ హాకీ ఎవరు చూస్తారండీ అనేవాళ్ళకి నేను ఈ నంబరు నోటికి చెప్తా. జీతం మాత్రం కనీసం 35,000 అమెరికన్ డాలర్ల దగ్గర మొదలెట్టారు, టొరంటోలో అద్దెలు కట్టేవాళ్ళకి తెలుసు ఆ డబ్బు ఎన్నాళ్ళొస్తుందో. అదే సీజన్‌లో మగవాళ్ళ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరికన్నా తక్కువ తీసుకునేవాడి జీతం 7,75,000 డాలర్లు.

మన దేశంలో లడఖ్ అమ్మాయిలున్నారు, వాళ్ళ ముందు మా రాత్రి తొమ్మిదింటి బాధ చాలా చిన్నది. లేహ్‌లో సహజంగా గడ్డకట్టే మంచు చలికాలంలో ఓ రెండు నెలలుంటుంది, ఆ రెండు నెలల్లోనే మగవాళ్ళ టోర్నమెంట్లు, ఆర్మీ జట్లు, అన్నీ. అమ్మాయిలు అన్నదమ్ముల స్కేట్లు వేసుకుని మగవాళ్ళు దిగిపోయాక మిగిలిన మంచు మీద నేర్చుకున్నారు. 2016లో తైపీలో మొదటిసారి దేశం తరఫున ఆడారు, విరాళాలు పోగుచేసుకుని 2017లో బ్యాంకాక్ వెళ్ళి ఫిలిప్పీన్స్ మీద 4-3తో మొదటి మ్యాచ్ గెలిచారు, 2025లో ఏషియా కప్‌లో కాంస్యం తెచ్చారు. డెహ్రాడూన్‌లో 2011లోనే పెద్ద ఐస్ రింక్ కట్టారు, కట్టి ఏళ్ళ తరబడి మూసిపెట్టారు. ఆ తాళం గురించి రాస్తే ఇంకో పోస్టవుతుంది.

ఇంటి సంగతి కూడా చెప్పాలి కదా. మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో పిల్లని హెల్మెట్‌తో చూసి "మొహమే కనపడట్లేదేంటమ్మా, పళ్ళు ఊడితే రేపు పెళ్ళెలా, చక్కగా మన సింధులా బ్యాడ్మింటన్ ఆడించొచ్చుగా" అన్నారు. ఆవిడ పెద్దావిడ, పైగా నిజంగా పళ్ళ గురించే బెంగ. ఇక్కడ మన తెలుగు వాళ్ళ ఇంట్లో పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్తే ఒకాయన, వాళ్ళబ్బాయిని వారానికి నాలుగు రోజులు ఏరీనాకి తిప్పే ఆయనే, "అమ్మాయికి అంత ఖర్చెందుకండీ, ఫిగర్ స్కేటింగ్ అయితే అందంగా ఉంటుంది" అన్నాడు. ఫిగర్ స్కేటింగ్ ఖర్చు ఎంతో ఆయనకి తెలీదు పాపం.

వచ్చే సీజన్‌కి మగపిల్లల టీమ్ ట్రయౌట్స్‌కి పంపుదామని మావారు అంటున్నారు, టైమింగ్స్ బాగుంటాయి, కోచింగ్ బాగుంటుంది అని. పంపొచ్చు, జస్టీన్ పుణ్యమా అని ఇప్పుడు ఎవరూ ఆపరు. కానీ ఆ వయసులో అక్కడ బాడీ చెకింగ్ మొదలవుతుంది, బట్టలు మార్చుకోడానికి రిఫరీల గదో బాత్‌రూమో చూసుకోవాలి, టీమ్‌తో పాటు కూర్చునే ఛాన్స్ సగం పోతుంది. పైగా బాగా ఆడేవాళ్ళందరం ఇలా వెళ్ళిపోతే ఇక్కడ మిగిలిన పిల్లల టీమ్ ఏమవుతుంది, ఇదిగో చూశారా, ఆ మహిళా అసోసియేషన్ మాటే నా నోట్లోంచి వస్తోంది. పిల్లని అడిగితే వాళ్ళ గోల్ కీపర్ ఉంది చూడండి, పంజాబీ అమ్మాయి, అది ఎక్కడుంటే నేనూ అక్కడే అంటోంది. ఈలోగా మా క్లబ్బు తల్లిదండ్రులం కొంతమంది కలిసి, పాత లిస్టు పక్కన పెట్టి రిజిస్టరైన పిల్లల లెక్కన గంటలు పంచమని సిటీకి లెటర్ రాశాం. అందింది, పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. వచ్చే నెల కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడటానికి నా పేరు ఇచ్చా. మీటింగ్ సాయంత్రం ఆరింటికి.