ఇంట్లో 48.8, కౌంటర్లో 51: కంబైన్డ్ షిప్పింగ్ తంటాలు

మళ్లీ 51 గ్రాములు! ఇంట్లో కాటా మీద 48.8 చూపించిన స్టాంపుల కవరు పోస్టాఫీసు కౌంటర్ కాటా ఎక్కేసరికి 51 అయి కూర్చుంది. ఆ ఒక్క గ్రాముకి 47 రూపాయల స్లాబు పోయి 72 రూపాయల స్లాబు వచ్చింది. 18 శాతం జీఎస్టీ వేసుకుంటే 55.46 కట్టాల్సిన చోట 84.96 కట్టాను. తేడా 29.50.

ముప్పై రూపాయలకి ఇంత ఏడుపా అనుకునేవాళ్లు ఈ వ్యాపారం చేసి చూడాలి. నేను స్టాంపులు అమ్మే గ్రూపులో ఆదివారం రాత్రి వేలానికి పెట్టే లాట్లలో (ఒక్కో పాటకి పెట్టే సరుకు ఒక లాటు) చాలావాటికి పలికేది 30, 40 రూపాయలే. లాటుకి నాకు మిగిలేది ఐదో ఆరో. సూరత్‌లో ఉంటున్న మన తెలుగాయన ఒకరు ఆరు లాట్లు పాడుకున్నారు, అన్నీ ఒకే కవరులో పంపాలి, అదే కంబైన్డ్ షిప్పింగ్. ఆయన మీద నాకు మిగలాల్సిందంతా ఆ గ్రాముకే పోయింది. ఆయనకి ముందే "షిప్పింగ్ 56" అని చెప్పి ఉన్నాను కాబట్టి మిగతాది అడిగితే ఒక గొడవ, అడక్కపోతే నాకు నష్టం. అడిగాను. "50 లోపే అని మీరే అన్నారు కదండీ" అని వెంటనే రిప్లై. నిజమే, అన్నాను. నా కాటా కూడా అదే చెప్పింది మరి.

స్పీడ్ పోస్టు రేట్లు 2025 అక్టోబర్ 1 నుంచి మారాయి కదా. రిజిస్టర్డ్ పోస్టును కూడా ఇందులోనే కలిపేశాక నాలాంటి చిన్న అమ్మకందారుకి ట్రాకింగ్‌తో పంపడానికి చవకైన దారి ఇదొక్కటే. 50 గ్రాముల లోపు ఊళ్లో అయితే 19, ఊరు దాటితే దేశంలో ఎక్కడికైనా 47. 51 నుంచి 250 గ్రాముల దాకా ఊళ్లో 24, బయటికైతే దూరాన్ని బట్టి 59 నుంచి 77. ఓటీపీ చెప్తేనే కవరు ఇచ్చేలా కావాలంటే ఇంకో 5. అన్నిటి మీదా జీఎస్టీ. అంటే నా వ్యాపారం మొత్తం ఆ 50 అనే గీత మీద నడుస్తోంది.

ఇక ఆ కవరు సంగతి. కౌంటర్ నుంచి వెనక్కి తెచ్చుకుని, విప్పేసి ముక్క ముక్కా తూచాను. మూడు ఫస్ట్ డే కవర్లు (స్టాంపు విడుదలైన రోజే దాన్ని అంటించి ముద్ర వేసినవి) కలిపి 19.1. రెండు మినియేచర్ షీట్లు (ఒకటో కొన్నో స్టాంపులతో అచ్చేసే చిన్న కాగితాలు), చుట్టిన పల్చటి గ్లాసీన్ కాగితంతో సహా 3.0. విడి స్టాంపులు, వాటిని దోపి ఉంచే స్టాక్ కార్డుతో కలిపి 2.2. వంగకుండా ముందొకటి వెనకొకటి పెట్టిన అట్టలు, 23 సెంటీమీటర్లకి 12, రెండూ కలిపి 16.4. లోపల ప్లాస్టిక్ తొడుగు 1.2. పై కవరు 5.8. టేపు 0.6. అడ్రస్ చీటీ 0.5. లెక్క సరిగ్గా 48.8. ఎక్కడా తేడా లేదు. మరి ఆ రెండు గ్రాముల పైచిలుకు దార్లో ఎవరు పెట్టినట్టు?

మొదటి అనుమానం నా కాటా మీదే. నాది బంగారం కొట్లో వాడే బుల్లి రకం, గ్రాములో నూరో వంతు చూపిస్తుంది. వంటింటి కాటాలు ఈ పనికి ఎందుకూ పనికిరావు, గ్రాము అటూ ఇటూ వాటికి లెక్కే లేదు. తూకపు రాళ్లు కొనే బదులు 2011 రకం 5 రూపాయల బిళ్లలు తీసుకున్నాను. ఈ రకం ఒక్కోటి సరిగ్గా 6 గ్రాములు. ఎనిమిది పెడితే 48 రావాలి, నా కాటా 47.96 చూపించింది. ఆ ఎనిమిదీ జేబులో వేసుకుని కౌంటర్‌కి పట్టుకెళ్లాను. అక్కడ కూర్చునే ఆవిడకి నా మొహం బాగా అలవాటు. "ఏటి బాబూ, ఈసారి డబ్బులే పోస్టు చేస్తారేటి?" అంది. లైను లేదు కాబట్టి పాపం తూచింది. 48. రెండు కాటాలూ నిజమే చెప్తున్నాయి. అంటే కవరే మారుతోంది.

రెండో అనుమానం బార్‌కోడ్ స్టిక్కర్. కాదు, అది తూచాకే అంటిస్తారు.

మూడోది తేమ. ఇదే ముందు తట్టాల్సింది అనిపిస్తుంది గానీ, కాగితం ఇంత నీళ్లు తాగుతుందని లెక్క చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. ఇంకో కవరు ఇదే కొలతలతో కట్టి రాత్రి తొమ్మిదింటికి తూచాను, 48.8. కిటికీ పక్క బల్ల మీద వదిలేశాను. బయట వాన. పొద్దున్న ఆరింటికి 50.1! ఎవరూ ముట్టుకోలేదు. అట్టలు ఒక్కటే విడిగా పెట్టి చూస్తే 16.4 కాస్తా 17.3 అయింది. మొత్తం పెరిగిన దాంట్లో మూడింట రెండొంతులు అట్టల పుణ్యమే. అదే కవరును సిలికా జెల్ పొట్లాలతో స్టీలు డబ్బాలో మూత పెట్టి ఉంచితే మర్నాటికి 49.0కి దిగింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కానీ 50.1కీ 51కీ మధ్య ఇంకా 0.9 ఉంది. వానలో బండి మీద సంచీలో వెళ్లే అరగంటలో కొంత పీల్చుకుని ఉండాలి. కౌంటర్ కాటా నాకు చూపించేది పూర్తి గ్రాముల్లోనే, పాయింట్లు లేవు. 50.6 ఉన్నా 51 అనే చూపిస్తుందని నా ఊహ. ఎలాగైనా 50 దాటాక పాయింట్లతో పనేముంది.

డబ్బాలో ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, కౌంటర్ దగ్గర విప్పి ఇస్తే సరిపోదా అని మా తమ్ముడి సలహా. చేసి చూశాను. 49 చూపించింది, గెలిచాను. గెలిచిన ఆనందం ఇంటికొచ్చేదాకా నిలవలేదు. అదే డబ్బాలో ఉన్న ఇంకో కవరు విప్పితే మినియేచర్ షీట్లు గొట్టంలా చుట్టుకుపోయి ఉన్నాయి. కాగితం ఒకలా, వెనక గమ్ము ఇంకోలా ఆరుతాయి, దాంతో షీటు గమ్ము వైపుకి ముడుచుకుంటుంది. మామూలు గాలిలో పుస్తకం కింద పెడితే మళ్లీ చదునయ్యాయి గానీ, చుట్టుకున్న షీటు అందుకున్న కొనుగోలుదారు పుస్తకం కింద పెట్టి చూస్తాడా? ముందు ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. అందుకని ఇప్పుడు అట్టలు, పై కవర్లు మాత్రమే డబ్బాలో. స్టాంపులు ఎప్పటిలా స్టాక్ బుక్కులో.

ఒక్క అట్టతో పంపడం కూడా అయింది. గుంటూరు వెళ్లేసరికి ఫస్ట్ డే కవరు మూల వంగింది. కొన్నాయన మర్యాదస్తుడు, సగం డబ్బు వెనక్కిస్తే ఊరుకున్నాడు.

అట్ట బరువు తగ్గించడానికి చూసినవన్నీ రాస్తే చాంతాడంత అవుతుంది. మూడు పొరల కార్టన్ అట్ట దిట్టంగా ఉంటుంది గానీ ఆ కొలతకి ముక్క ఒక్కటే 12 దాటుతోంది, పైగా నీళ్లు తాగడంలో దానికదే సాటి. స్వీటు డబ్బా అట్ట తేలికే, రెండు వేళ్లతో వంగిపోతుంది. ప్రస్తుతం ఆశంతా సన్‌ప్యాక్ షీటు మీద. ఫ్లెక్సీ షాపులో బోర్డులకి వాడే ఆ గాడుల ప్లాస్టిక్. 3 మిల్లీమీటర్ల ముక్క 12.4 వచ్చింది. రెండు అట్టల 16.4 స్థానంలో ఇదొక్కటే సరిపోతే 4 గ్రాములు మిగులు, తేమ గొడవే లేదు. ఒకటే చిక్కు, గట్టిగా ఒత్తుకుంటే ఆ గాడుల గీతలు కవరు మీద పడుతున్నాయి. మధ్యలో నున్నటి కాగితం పెట్టి, పైన నాలుగు లావు పుస్తకాలు పేర్చి ఉంచాను. వారం చూస్తా.

టేపు గురించి ఒక మాట. బ్రౌన్ టేపు మీటరుకి రెండు గ్రాముల పైనే తూగుతుంది. భద్రం కోసమని కవరంతా మమ్మీలా చుట్టేవాళ్లు పోస్టేజీ ఎక్కువైందని ఏడవకూడదు. మూత మీద ఒక్క వరస చాలు. చీటీకి ఫెవిస్టిక్ చాలు, పల్చటి జిగురు పూస్తే ముడతలు.

మనుషుల సంగతికొస్తే, సూరత్ ఆయనతో గొడవ తేలింది గానీ నేననుకున్న దారిలో కాదు. తేడా డబ్బులు పదే పదే అడగడం మానేసి, లెక్క మొత్తం ఆయన ముందు పెట్టాను. "51 అయినా 250 అయినా రేటు ఒకటే. రెండు కవర్లుగా విడగొడితే 110.92 అవుతుంది, ఒకటే అయితే 84.96. కవరు ఇంకా డెస్పాచ్ చేయలేదు, ఇంటికి వెనక్కి తెచ్చేశాను. మరో 190 గ్రాముల చోటు ఉంది, ఫ్రీగా వస్తుంది" అన్నాను. బుకింగ్ అయిన కవరు ఎలా వెనక్కి వచ్చిందంటే, కట్టిన డబ్బు పోయినా పర్లేదనుకుని అడిగి తెచ్చుకున్నాను, అంత పంతం వచ్చింది. ఆయన ఆ రాత్రే ఇంకో తొమ్మిది లాట్లు ఏరుకున్నారు. రైల్వే థీమ్ (రైళ్ల బొమ్మల స్టాంపులు) మొత్తం ఖాళీ. మూడు వారాలుగా ఎవరూ పాడని లాట్లు కూడా పోయాయి.

అప్పటి నుంచి గ్రూపులో షిప్పింగ్ చెప్పే పద్ధతి మార్చేశాను. వేలం పోస్టులో అంకె ఉండదు. నా కాటా మీద 46 గ్రాముల లోపు వస్తేనే 56 రూపాయలు. 46 దాటితే ముందే పెద్ద స్లాబు చెప్తా, "చోటు మిగిలింది" అని కూడా చెప్తా. బేరమాడేవాళ్లు ఈ మాటకి బాగా మెత్తబడుతున్నారు, ఎందుకంటే ఖాళీ చోటుకి డబ్బు కట్టామన్న బాధ మనవాళ్లకి మహా ఎక్కువ.

హోల్డ్ అడిగేవాళ్లతో మాత్రం ఇంకా తేలలేదు. "అన్నా, వచ్చే వారం కూడా పాడతా, అన్నీ కలిపి పంపు" అంటారు. ఆ వచ్చే వారం రాదు. మూడు లాట్లలో మంచిది ఉంచుకుని మిగతా రెండూ వద్దంటారు. ఇప్పుడు రూలు ఏంటంటే లాటు డబ్బు ఆ రాత్రే, షిప్పింగ్ డబ్బు పంపేముందు. డబ్బు పడ్డ లాటు నెల దాకా దాస్తా. పడనిది మర్నాడు మళ్లీ వేలానికి. యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి నేను కదలను, బ్యాంకు మెసేజ్ వస్తేనే.

తెనాలి నుంచి ఒకాయన గంధం స్టాంపు వాసన రావట్లేదని పోట్లాట పెట్టాడు. 2006 డిసెంబర్ 13న వచ్చిన 15 రూపాయల స్టాంపు అది, మన దేశంలో మొదటి సువాసన స్టాంపు. "డూప్లికేటా అన్నా?" అని వాయిస్ మెసేజ్. ఇరవై ఏళ్ల నాటి సెంటు సీసా మూత తీసి పెట్టినా ఏం మిగులుతుంది? వెనక్కి పంపండి, డబ్బు ఇస్తా అన్నాను. పోస్టు ఖర్చు విన్నాక వాసన సంగతి వదిలేశాడు. ఇప్పుడు గంధం, 2007 గులాబీ, 2008 మల్లె లాట్లన్నిటి కింద "వాసనకి గ్యారంటీ లేదు" అని రాస్తున్నాను.

1948 గాంధీ సెట్టు 500కి అడిగేవాళ్లకి నమస్కారం ఎమోజీ ఒక్కటే. అందులో పది రూపాయల స్టాంపుకి నకిలీలు ఎన్ని తిరుగుతున్నాయో తెలిసి కూడా చవకగా కావాలనే వాళ్లతో వాదించే ఓపిక లేదు.

మౌంట్లకి, అంటే స్టాంపు దాచే పారదర్శక తొడుగులకి, హావిడ్ బ్రాండు తప్ప వేరేది వాడను. ఖరీదే, కానీ ఇక్కడి తీరపు గాలిలో గమ్మున్న స్టాంపు దాంట్లో ఉంటేనే నాకు నిద్ర. ఘాటు వాసనొచ్చే చవక ప్లాస్టిక్ తొడుగులు ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక ముందు అనుకుంటున్నవి. దసరా తర్వాత మంగళవారం మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు ఊళ్లో బండి కదలదు, అందుకని ఆ వారం డెస్పాచ్ లేదు, ఇప్పుడే చెప్తున్నా. దానికి ముందు ఆదివారం మా ఊరి లాటు ఒకటి పెట్టాలని ఉంది. ఇక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 1993 స్టాంపు, అక్కడే చదువుకున్న ఘంటసాల గారి 2003 స్టాంపు, రెండిటికీ ఫస్ట్ డే కవర్లు దొరికితే జతగా. ఘంటసాల గారిది ఉంది. ద్వారం వారిది మచ్చలేని కవరు ఇంకా వెతుకుతున్నా, దొరికినవన్నీ గోధుమ చుక్కలతోనే. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మార్పిడికైనా సిద్ధం. సన్‌ప్యాక్ గీతలు పడకపోతే ఆ జతను దాంట్లోనే పంపిస్తా. తూకం 43 దాకా రావాలి, వర్షం ఉన్న రోజే కౌంటర్‌కి తీసుకెళ్లి అంకె ఇక్కడ పెడతా.