టొరంటోలో గోడలు తడిమిన రోజు

ఆదివారం సాయంత్రం ఫెర్రీలో ఐలాండ్స్ నుంచి తిరిగొస్తుంటే టొరంటో అంతా ఎదురుగా కనబడింది. మా అల్లుడు ఒక్కో టవర్నీ వేలు పెట్టి చూపిస్తూ పేరు, అంతస్తులు, ఎత్తు చెప్పుకుంటూ పోయాడు. ఒడ్డున యంగ్ స్ట్రీట్ మొదట్లో కడుతున్నది పూర్తయితే 106 అంతస్తులట. దాని పక్కనంతా అద్దాల అపార్ట్‌మెంట్లే. అవన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. చూసిన రెండు నిమిషాలకే ఏది ఏదో మర్చిపోయాను. ఇంతలో ఎండ వాలి, వాటి మధ్యలోంచి ఒక్క భవనం మాత్రం పసుప్పచ్చగా వెలిగింది. ఇత్తడి బిందె తోమి ఎండలో బోర్లించినట్టుంది.

"అదేంటి బాబూ?"

"రాయల్ బ్యాంక్ ప్లాజా మామయ్యా. అంత ఎత్తేం కాదు, 41 అంతస్తులే."

"ఎత్తు సంగతి కాదు. దాని పైన వేసిందేంటి?"

"బంగారం."

మా ఆవిడ అప్పటిదాకా చలికి శాలువాలోంచి తల బయట పెట్టలేదు. ఆ మాటతో పెట్టింది.

మంగళవారం డౌన్‌టౌన్ ప్రయాణం అలా ఖాయమైంది. "సీఎన్ టవర్ ఎక్కుదాం నాన్నా" అంటుంది మా అమ్మాయి. నాకేమో కింద నిలబడి గోడలు చూడాలని. అమ్మాయికి ఇది అలవాటే. అల్లుడికే కొంచెం వింతగా ఉంది.

మాది చీమకుర్తి. ముప్పై ఏళ్ళ పైగా రాయితోనే బతుకు. ముందు క్వారీలో సూపర్‌వైజర్‌గా చేశాను, తర్వాత ఇంకొకాయనతో కలిసి చిన్న కటింగ్, పాలిషింగ్ యూనిట్ పెట్టుకున్నాం. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్‌కి మా ఊరే పుట్టిల్లు. ఏ ఊరెళ్ళినా నా కళ్ళు ముందు నేల మీద, తర్వాత గోడ మీద, ఆ తర్వాతే మనుషుల మీద పడతాయి. పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికూతుర్ని చూడకుండా కల్యాణ మండపం ఫ్లోరింగ్ చూస్తానని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది. అబద్ధం కాదు.

పోర్ట్ క్రెడిట్‌లో గో ట్రైన్ ఎక్కాం. ఆకుపచ్చ రంగు రెండంతస్తుల పెట్టెలు. మా ఆవిడ మేడ మీదే కూర్చుంటానంది. యూనియన్ స్టేషన్లో దిగి రోడ్డు మీదికి రాగానే ఆ బంగారు గోడ ఎదురుగా నిలబడి ఉంది.

దగ్గర్నుంచి చూస్తే అది సాదా గోడ కాదు. రంపం పళ్ళలా మడతలు మడతలుగా ఉంది. ఒక్కో మడత ఒక్కో దిక్కుకి తిరిగి ఉండటంతో ఒకటి మేఘాన్ని చూపిస్తే పక్కది స్టేషన్ స్తంభాల్ని చూపిస్తోంది. 1970ల చివర్లో కట్టారు. మొత్తం 14 వేల అద్దాలు, అన్నిటికీ 24 క్యారెట్ల పూత. అందుకు పట్టిన బంగారం 2,500 ఔన్సులు. షోకు ఒక్కటే కాదు, పనీ ఉంది. ఎండాకాలం బయటి వేడిని వెనక్కి కొడుతుంది, చలికాలం లోపలి వేడిని బయటికి పోనివ్వదు. అల్లుడు ఇదంతా చెబుతుంటే మా ఆవిడ నా చేతిలో ఫోన్ లాక్కుని లెక్క మొదలుపెట్టింది. ఔన్సుకి 31 గ్రాములు, సవరకి 8.

"తొమ్మిది వేల సవర్ల పైమాటేనండీ! కిటికీలకి!"

ఆ తర్వాత రోజంతా తనకి ఏ టవర్ చూపించినా "దీనికేం పూశారు?" అనే అడిగింది. నా ప్రశ్న కూడా అదే కాబట్టి ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఇద్దరం ఒకే మాట మీదున్నాం.

బే స్ట్రీట్ మీదుగా పైకి నడిస్తే కింగ్ స్ట్రీట్ కలిసే కూడలి వస్తుంది. మన దగ్గర నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు టీకొట్లు పోటీ పడ్డట్టు ఇక్కడ నాలుగు మూలల్లో నాలుగు బ్యాంకులు. పక్కోడి కన్నా నా భవనం ఎత్తుండాలి, పక్కోడి కన్నా నాది వేరేగా కనబడాలి. ఒకడు నల్ల ఉక్కు, ఒకడు తెల్ల గోడలు, ఒకడు మెరిసే స్టీలు, ఒకడు ఎర్ర గ్రానైట్. మా ట్రేడ్‌లో వాడికి శాంపిల్ బోర్డులంటే ఎలా ఉంటాయో అలా ఉంది ఆ చౌరస్తా. ఒకే చోట నిలబడి చుట్టూ తిరిగితే చాలు.

నల్లది టొరంటో డొమినియన్ సెంటర్. మీస్ వాన్ డెర్ రో వేసిన డిజైన్. మొదటి టవర్ 1967లో తెరిచారు, 56 అంతస్తులు. నిలువునా ఉక్కు పట్టీలు, నల్ల రంగు, మధ్యలో ముదురు గాజు. ఒక్క నగిషీ లేదు. నాకు మొదట నచ్చలేదు. అల్లుడి ఆఫీసు ఆ చుట్టుపక్కలే. "రోజూ చూస్తే నచ్చుతుంది మామయ్యా" అన్నాడు. సరే అని ఆ టవర్ల మధ్య ఉన్న పచ్చిక దగ్గరికి వెళ్తే అక్కడ ఏడు ఆవులు పడుకుని ఉన్నాయి. కంచు ఆవులు. జో ఫఫార్డ్ అనే శిల్పి 1985లో చేశాడు. అంత ఎత్తు నల్ల గోడల మధ్య కాళ్ళు ముడుచుకుని తాపీగా నెమరేస్తున్నట్టు ఉన్నాయి. మా ఆవిడ ఒకదాని గంగడోలు నిమిరి పక్కనే కూర్చుంది. జనం ఎక్కి కూర్చుంటారేమో, దాని వీపు మీద రంగు పోయి నునుపు తేలింది. చేత్తో తడిమితే చల్లగా తగిలింది. ఆ ఆవుల్ని చూశాక నల్ల టవర్ల మీద నా కోపం సగం తగ్గింది.

రోడ్డుకి అవతల తెల్లగా కనిపించేది ఫస్ట్ కెనడియన్ ప్లేస్. నేను అసలు వచ్చింది దీని కోసమే.

"1975 నుంచీ దశాబ్దాల పాటు కెనడా మొత్తంలో ఎత్తయిన భవనం ఇదే మామయ్యా. 298 మీటర్లు, 72 అంతస్తులు. లోపల లిఫ్టులు కూడా రెండంతస్తులవి, ఒకదాని మీద ఒకటి."

"సీఎన్ టవర్ దీనికన్నా పొడుగు కదా?"

"553 మీటర్లు. కానీ అంతస్తులు లేవు కదా, దాన్ని భవనం కింద లెక్కేయరు."

రైలూ రెండంతస్తులే, లిఫ్టూ రెండంతస్తులే అనుకుని, ఇక నా వంతు మొదలుపెట్టాను.

"దీని గోడలకి ముందు ఏముండేదో తెలుసా?"

తెలియదట. రోజూ దాని కింద నుంచే కాఫీకి వెళ్తాడు.

ఇటలీ కర్రారా పాలరాయి. సుమారు 45 వేల పలకలు. కట్టిన రోజుల్లో ఊరంతా తలెత్తి చూసిన రాయి. డిజైన్‌లో చేయి వేసిన ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ అంతకు ముందే షికాగోలో ఒక చమురు కంపెనీ టవర్‌కి కూడా ఇదే పాలరాయి తొడిగించాడు. రెండిటికీ ఒకటే జబ్బు చేసింది.

ఈ కథ నాకు చాలా ఏళ్ళ క్రితం మా యూనిట్‌కి మెషీన్ బిగించడానికొచ్చిన ఇటలీ మెకానిక్ ఒకాయన చెప్పాడు. అల్లుడికి అర్థం కావాలని అప్పడంతో మొదలుపెట్టాను. అప్పడం కాలిస్తే ఎందుకు వంకర తిరుగుతుంది? అన్ని వైపులా ఒకేలా సాగదు కాబట్టి. పాలరాయి అంటే కాల్సైట్ స్ఫటికాల ముద్ద. వేడి తగిలితే ఆ స్ఫటికం ఒక దిక్కున సాగుతుంది, అడ్డంగా ముడుచుకుంటుంది. పక్కపక్కన ఉన్న స్ఫటికాలు తలో దిక్కుకి లాగితే మధ్య పట్టు వదులుతుంది. చల్లబడ్డాక మళ్ళీ యథాస్థానానికి రావు. మందపాటి దిమ్మెకి ఇదేం లెక్కలోది కాదు. గుడి స్తంభం వెయ్యేళ్ళు నిలబడుతుంది. సన్నటి పలకలు కోసి, వేసవిలో ముప్పై దాటే ఎండకీ శీతాకాలంలో మైనస్ ఇరవై చలికీ పైన వేలాడదీస్తే ముప్పై ఏళ్ళలో అప్పడమే. వంగుతుంది, బలం పోతుంది, పట్టుకున్న క్లిప్పు దగ్గర విరుగుతుంది.

2007 మే 15న 54వ అంతస్తు దగ్గర్నుంచి ఒక పలక ఊడింది. 140 కిలోలు. మూడో అంతస్తు కప్పు మీద పడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. చుట్టుపక్కల రోడ్లు మూసేశారు. ఆ తర్వాత ఓనర్లు ఆలోచించి మొత్తం పాలరాయినంతా పీకించేశారు. 2012కల్లా దాని స్థానంలో తెల్లటి సిరామిక్ అచ్చు వేసిన అద్దాలు బిగించారు. లోపల ఆఫీసులు నడుస్తూనే ఉన్నాయి, పైన భవనానికి చర్మం మారుస్తూనే ఉన్నారు.

అల్లుడు తలెత్తి చాలాసేపు చూశాడు. "మొన్నటిదాకా ఇది రాయే అనుకున్నాను మామయ్యా" అన్నాడు.

నాకు మాత్రం ఒక బాధ ఉంది, చెప్పుకోవాలి. షికాగోలో అదే జబ్బుకి 1990ల మొదట్లో పాలరాయి తీసేసి తెల్ల గ్రానైట్ వేశారు. ఇక్కడ అద్దం వేశారు. గ్రానైట్ వేసుంటే మనకే ఆర్డర్ వచ్చేదని కాదు గానీ, రాయి పోయిన చోట రాయి వచ్చుంటే మా వాళ్ళ మనసు చల్లబడేది. బరువు, ఖర్చు, లెక్కలు అన్నీ నాకు తెలుసు. అయినా కూడా.

ఆ కోపంతోనే ఎర్రటి స్కోషియా ప్లాజా దగ్గరికి నడిచాను. 1988లో కట్టింది, 275 మీటర్లు. పైన అంచు వి ఆకారంలో కోసినట్టు ఉంటుంది. దూరం నుంచి రంగు చూసి మన ఇల్‌కల్ రెడ్ గ్రానైట్ ఏమోనని ఆశపడ్డాను. దగ్గరికెళ్తే కాదు, నెపోలియన్ రెడ్ అనే ఇంకో రకం. నీళ్ళ బాటిల్ లోంచి రెండు చుక్కలు వేలికి రాసి గోడ మీద తుడిచాను. క్వారీలో బ్లాక్ చూసేటప్పుడు ఎవరైనా చేసేదే, తడి తగిలితే రాయి అసలు రంగు బయటపడుతుంది. ఎరుపు కొంచెం చిక్కబడింది, మధ్యలో నల్ల గింజలు లేచాయి. తర్వాత చెంప దాదాపు గోడకి ఆనించి, ఒంటి కన్నుతో జాయింట్ల వెంట చూశాను. ఎక్కడా పలక ముందుకి రాలేదు. ముప్పై ఆరు చలికాలాలు. సూటు వేసుకున్న ఒకాయన ఆగి నన్ను చూసి, అల్లుణ్ణి చూసి, ఏం అనాలో తెలియక నవ్వి వెళ్ళిపోయాడు. అల్లుడు రెండడుగులు దూరం జరిగాడు. తప్పు పట్టను.

ఎదురు మూలలో ఐ.ఎం. పే డిజైన్ చేసిన స్టీలు టవర్ ఉంది, 1972 నాటిది. దాని పక్కన ఉన్న పాతదాని ముందే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. కామర్స్ కోర్ట్ నార్త్, 1931. 34 అంతస్తులు, 145 మీటర్లు. 1962 దాకా బ్రిటిష్ కామన్‌వెల్త్ మొత్తంలో ఇంతకన్నా ఎత్తయిన భవనం లేదట. ఇప్పుడు చుట్టూ ఉన్నవాటి మధ్య పెళ్ళి ఫొటోలో ముందు వరుసలో కూర్చోబెట్టిన తాతలా ఉంది. సున్నపురాయి గోడలు, గుమ్మం చుట్టూ చేత్తో చెక్కిన బొమ్మలు. పైన అంచుల్లో పెద్ద పెద్ద గడ్డాల ముఖాలు ఊరిని చూస్తూ ఉన్నాయి. కింద నుంచి చూస్తే గడ్డం ఏదో మబ్బు ఏదో తెలియదు. ఇంతెత్తులో ఎవడూ చూడని చోట అంత పని ఎందుకు చేయించారో! ఆ రోజుల్లో యజమానికి డబ్బులుండటమే కాదు, చెక్కేవాడికి టైమ్ కూడా ఇచ్చారు.

సీఎన్ టవర్ కూడా ఎక్కాం, అమ్మాయి టిక్కెట్లు ముందే కొనేసింది. గాజు నేల మీద మా ఆవిడ హాయిగా నడిచింది, నేను నడవలేదు. అంతే.

అంతకు ముందు మధ్యాహ్నం భోజనానికి భూమి లోపలికి దిగాం. ఈ టవర్లన్నిటినీ కింద నుంచి కలుపుతూ పాత్ అని ఒక సొరంగాల బజారు ఉంది, ముప్పై కిలోమీటర్ల పైగా. చలికాలం జనం కోటు వేసుకోకుండానే ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి వెళ్ళిపోతారు. ఫుడ్ కోర్టులో అల్లుడు లైన్లో నిలబడితే నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

వాష్ బేసిన్ల కింద పొడుగాటి నల్ల దిమ్మ. పైన సబ్బు నురగ, నీళ్ళ మడుగు. టిష్యూ తీసి తుడిచాను. లైటు పడగానే చుక్కలు లేచాయి. బంగారు రంగువి, ఆవగింజంతవి.

ఇంకొంచెం తుడిచాను. వెనకాల ఎవరో "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నారు. జరిగి, ఆయన వెళ్ళేదాకా ఆగి, ఫోన్ తీసి మూడు ఫొటోలు కొట్టాను. బయటికొచ్చి మా పార్ట్‌నర్‌కి పంపించాను. అక్కడ రాత్రి పదకొండు. లోడింగ్ ఉన్నట్టుంది, మేలుకునే ఉన్నాడు.

"ఎక్కడిది?" అని పెట్టాడు.

"టొరంటో. అన్నిటికన్నా పొడుగు టవర్ల కింద, బాత్రూమ్‌లో. గెలాక్సీయే. మనదేమో?"

ఫొటో జూమ్ చేసి చూసినట్టున్నాడు, రెండు నిమిషాలు పట్టింది.

"రాయి మన ఊరిదే. ఎడ్జ్ పాలిష్ మనది కాదు. మనం అంత ఘోరంగా చెయ్యం."